బొంబాయి నుండి వెళ్ళిన వ్యాసం: ఘన, ద్రవ, వాయు కణాల కథ

ఘనపదార్థంలో కణాలు దగ్గరదగ్గరగా ఒదిగి తమతమ స్థానాలలోనే కంపిస్తూ ఉంటాయి. ద్రవంలో అవి ఒకదానినొకటి ఆనుకొని ఉంటూనే జారుతూ స్థానాలు మార్చుకుంటాయి. వాయువులో ఏ కట్టుబాటూ లేక అన్ని దిక్కులకూ పరుగెత్తుతూ, తమలో తామూ పాత్ర గోడలతోనూ ఢీకొంటూ ఉంటాయి. మన పాఠశాలలో చదువుకున్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక తరగతిలో ఈ మూడు వాక్యాలనూ వల్లె వేసినవారే. మూడు గళ్ళు గీసి వాటిలో చుక్కలు పెట్టిన బొమ్మ కూడా చాలామంది పూర్వవిద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. పరీక్షలో ఆ బొమ్మకు మార్కులు సులభంగా వచ్చేవి. అయితే ఆ చుక్కలను లోకం నమ్మడానికి దాదాపు 170 సంవత్సరాలు పట్టింది. ఆ చరిత్రలో అతి ముఖ్యమైన ఒక ఘట్టం మనం నివసిస్తున్న ఈ ముంబయి నగరంలోనే, నాటి బొంబాయిలో, ఒక ఉపాధ్యాయుని బల్ల మీద జరిగింది. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాలలో కనబడదు. ఈ వజ్రోత్సవ సంచికలో దానికి కొంత చోటు కల్పించడం సముచితమని భావించి ఈ వ్యాసం రాస్తున్నాను.

పరమాణువు అనగానే మనకు కణాదమహర్షి స్ఫురిస్తాడు. వైశేషిక దర్శనంలో పరమాణువులు, ద్వ్యణుకాలు, త్ర్యణుకాలు ఉన్నాయి. మన ప్రస్తుత విషయానికి మరింత దగ్గరైన భావన కూడా అందులో ఒకటి ఉంది. ద్రవత్వాన్ని ఒక గుణంగా గ్రహించి, అది నీటికి సహజమనీ, నెయ్యి, లక్క, మైనం మొదలైనవాటికీ, లోహాలకూ అగ్నిసంయోగం వలన కలుగుతుందనీ ఆ దర్శనకారులు విభజించారు. కరగడమనే సామాన్య దృశ్యాన్ని అంత శ్రద్ధగా పట్టించుకోవడం చిన్న విషయం కాదు. అంతమాత్రాన వాయుకణాల వేగాన్ని కూడా వారు లెక్కకట్టారని చెప్పుకోవడం వారికి గౌరవం కాదు, మనకు గౌరవం కాదు. గ్రీసు దేశపు డెమోక్రిటస్ విషయంలోనూ ఇదే మాట. తర్కంతో ఊహించడం వేరు, కొలిచి చూపడం వేరు.

కొలత వైపు మొదటి అడుగు 1738లో పడింది. స్విట్జర్లాండుకు చెందిన డేనియల్ బెర్నౌలీ తన జలగతిశాస్త్ర గ్రంథంలో ఒక అధ్యాయాన్ని గాలికి కేటాయించాడు. ఒక స్తూపాకార పాత్ర, దానిపై బరువుతో కూడిన ఒక ముషలకం, లోపల అటూ ఇటూ మహావేగంతో పరుగెత్తే సూక్ష్మకణాలు. ఆ కణాల తాకిడే ముషలకాన్ని పైకి నిలబెడుతున్నదని ఆయన వివరించాడు. పాత్రను సగానికి కుదిస్తే తాకిడులు పెరిగి పీడనం రెట్టింపవుతుందని బాయిల్ నియమాన్ని సాధించాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ శతాబ్దంలో పండితులకు మరో చిత్రం ఇష్టమైనది. వాయుకణాలు కదలవు, ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటూ ఉన్నచోటనే ఉంటాయి, వాటి చుట్టూ కెలోరిక్ అనే ఉష్ణద్రవం ఆవరించి ఉంటుంది, వేడిచేయడమంటే ఆ ద్రవాన్ని నింపడమే. 1789లో లావోయిజర్ తన మూలకాల పట్టికలో కెలోరిక్‌ను కూడా చేర్చాడు. నేడు మనకు నవ్వు రావచ్చు గాని, ఆ సిద్ధాంతంతో ఆనాటి లెక్కలు చాలావరకు సరిపోయేవి. సరిపోయే సిద్ధాంతాన్ని కదిలించడం ఎప్పుడూ కష్టమే. 1820లో జాన్ హెరాపత్ అనే ఆంగ్లేయుడు కణాల చలనమే ఉష్ణమని రాసి లండన్ రాయల్ సొసైటీకి పంపితే అక్కడ ఆదరణ దొరకలేదు. ఆయన దానిని వేరొక పత్రికలో అచ్చువేయించుకోవలసి వచ్చింది.

ఇక మన బొంబాయి ఉపాధ్యాయుని విషయానికి వస్తాను.

జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ 1811లో స్కాట్లాండు రాజధాని ఎడింబరోలో జన్మించాడు. తండ్రి లక్క ముద్రలకు వాడే సీలు మైనం, కాగితం సామగ్రి తయారుచేసే వ్యాపారి. వాటర్‌స్టన్ ఎడింబరోలోనే చదువుకొని, ఇంజనీర్ల వద్ద పని నేర్చుకొని, లండన్ చేరి కొంతకాలం రైలుమార్గాల సర్వేలు చేశాడు. తరువాత నౌకాశాఖలో సముద్రపటాలు తయారుచేసే విభాగంలో కుదిరాడు. అక్కడి అధికారి కెప్టెన్ బోఫోర్ట్, అనగా గాలి తీవ్రతకు నేటికీ వాడే బోఫోర్ట్ మానాన్ని రూపొందించినవాడు, ఈ యువకుని ప్రతిభను గుర్తించాడు. ఆయన సిఫారసుతో 1839లో వాటర్‌స్టన్ ఈస్టిండియా కంపెనీ వారి నౌకాదళ శిక్షణార్థులకు ఉపాధ్యాయుడుగా బొంబాయికి వచ్చాడు. నావికాశాస్త్రం, ఫిరంగుల గణితం బోధించడం ఆయన పని. తీరిక వేళలలో ఆయన కలం పట్టింది మాత్రం వాయుకణాల గురించి.

ఇక్కడ ఒక చిన్న మాట. ఆనాటి బొంబాయిలో మన తెలుగువారు అప్పటికే ఉన్నారు. తెలంగాణ నుండి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్ళెత్తిన కామాఠీల పేరిటనే కామాఠీపురా వెలసింది. వాటర్‌స్టన్ నడిచిన వీధులలో తెలుగు మాట ఆయన చెవిన పడి ఉండవచ్చునని ఊహించుకోవడానికి నాకు ఉత్సాహంగానే ఉంటుంది. అది ఊహ మాత్రమే, చరిత్ర కాదు.

1845లో ఆయన తన సిద్ధాంతాన్ని పూర్తిగా రాసి, సముద్రాలు దాటించి రాయల్ సొసైటీకి పంపాడు. సూయజ్ కాలువ ఇంకా తవ్వని రోజులు. టపా లండన్ చేరడానికి నెల దాటేది. ఆ సంవత్సరం డిసెంబరులో వ్యాసం సొసైటీకి అందింది. స్వేచ్ఛగా చలించే, పూర్ణ స్థితిస్థాపకత గల అణువులతో ఏర్పడిన యానకాల భౌతిక ధర్మాలు అనేది దాని విషయం. అందులో ఏమున్నదో నేటి ఇంటర్మీడియెట్ విద్యార్థి చూచినా గుర్తుపడతాడు. వాయుపీడనం అణువుల సంఖ్యకూ, వాటి వేగపు వర్గానికీ అనుపాతంలో ఉంటుంది. ఉష్ణోగ్రత అంటే అణువుల గతిశక్తికి కొలమానమే. వీటికన్నా గొప్ప ఫలితం మరొకటి ఉంది. బరువైన అణువులనూ తేలిక అణువులనూ ఒకే పాత్రలో కలిపితే, బరువైనవి నెమ్మదిగానూ తేలికైనవి వేగంగానూ చలించి, సగటున రెండింటి గతిశక్తీ సమానమయ్యే దాకా ఢీకొంటాయని ఆయన ప్రకటించాడు. శక్తి సమవిభజన నియమమని తరువాతి కాలంలో పేరు మోసినదానికి అదే తొలిరూపం. వాతావరణంలో పైకి పోయేకొద్దీ చలి ఎందుకు పెరుగుతుందో, ధ్వని వేగానికీ అణువుల వేగానికీ సంబంధమేమిటో కూడా చర్చించాడు. విశిష్టోష్ణాల నిష్పత్తి లెక్కలో ఒక పొరపాటు దొర్లిన మాట నిజమే. సిద్ధాంతపు పునాదికి దానివల్ల వచ్చిన లోటు లేదు.

వ్యాసాన్ని పరిశీలించడానికి సొసైటీ ఇద్దరిని నియమించింది. ఒకరు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు బేడెన్ పావెల్. మన పాఠశాలలో స్కౌట్ దుస్తులు వేసుకున్నవారికి తెలిసిన బేడెన్ పావెల్‌కు ఈయన తండ్రి. సిద్ధాంతపు మూలభావనే గణితానికి ఆధారంగా నిలువదగినది కాదని ఆయన అభిప్రాయపడ్డాడు. రెండవవాడు ఖగోళ గణితంలో పేరున్న సర్ జాన్ లబ్బక్. ఆయన మరింత కఠినంగా, ఇది వట్టి అర్థంలేని రాత అనీ, సభలో చదవడానికైనా పనికిరాదనీ తీర్పు చెప్పాడు. అయినా 1846 మార్చిలో సభలో చదివారు, సంక్షిప్తంగా కొన్ని పంక్తులు అచ్చువేశారు. అంతటితో వ్యాసం బీరువాలోకి చేరింది.

ఇందులో విషాదమేమిటంటే, వాటర్‌స్టన్ తన వద్ద నకలు ఉంచుకోలేదు. సభలో చదివిన వ్యాసం సొసైటీ ఆస్తి అవుతుందని నియమం. కనుక తిరిగి ఇవ్వలేదు. లండన్‌లో ఉండి ఉంటే ఎవరినైనా కలిసి మాట్లాడేవాడేమో, సందేహాలు తీర్చేవాడేమో. ఆయన ఉన్నది బొంబాయిలో. 1851లో మరొక శాస్త్రసభకు క్లుప్తంగా సంగతి తెలియజేశాడు. దానికీ పెద్దగా స్పందన రాలేదు. 1857లో దాచుకున్న కొద్దిపాటి ధనంతో ఉద్యోగం వదలి స్వదేశం వెళ్ళి, మిగిలిన జీవితమంతా శాస్త్రవ్యాసంగంలోనే గడిపాడు. శాస్త్రసంఘాల మాట ఎత్తితేనే ఆయన ఆగ్రహించేవాడని బంధువులు చెప్పుకున్నారు. 1883 జూన్ 18న వ్యాహ్యాళికి బయలుదేరినవాడు ఇంటికి తిరిగి రాలేదు. నీటిలో పడిపోయి ఉంటాడని అందరూ అనుకున్నారు.

ఆయన బొంబాయి వదిలిన 1857వ సంవత్సరంలోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ క్లాసియస్, ఉష్ణమని మనం పిలిచే చలనపు స్వభావాన్ని గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. మన పాఠ్యపుస్తకంలోని మూడు వాక్యాలకు నిజమైన జన్మస్థానం అదే. ఘనంలో అణువులు నియతస్థానాల చుట్టూ కంపిస్తాయనీ, ద్రవంలో వాటికి స్థిరస్థానమంటూ లేకపోయినా పొరుగు అణువుల ఆకర్షణ నుండి పూర్తిగా తప్పించుకోలేవనీ, వాయువులో ఆ ఆకర్షణ పరిధిని దాటి సరళరేఖలో సాగిపోతాయనీ మూడు స్థితులనూ ఒకే సూత్రంతో వివరించిన రచన అది. ద్రవం ఆవిరయ్యే తీరును కూడా అందులో విప్పి చెప్పాడు. ద్రవంలోని అణువులన్నింటికీ ఒకే వేగం ఉండదు. పైతలం వద్ద ఉన్నవాటిలో మిక్కిలి వేగం గలవి పొరుగువాటి పట్టు విడిపించుకొని బయటపడతాయి. నీరు మరగకపోయినా ఆరిపోవడానికి కారణమిదే. వేగం గలవి వెళ్ళిపోగా మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది, అంటే నీరు చల్లబడుతుంది. వేసవిలో మన ఇళ్ళలో కుండనీరు చల్లబడడానికి ఇంతకన్నా సులభమైన వివరణ లేదు.

క్లాసియస్ లెక్క ప్రకారం సున్నా డిగ్రీల వద్ద ఆక్సిజన్ అణువు వేగం సెకనుకు 461 మీటర్లు, నత్రజనికి 492, హైడ్రోజన్‌కు 1844. ఈ అంకెలు చూచి హాలెండుకు చెందిన వాతావరణ శాస్త్రజ్ఞుడు బైస్ బాలో మరుసటి ఏడే ఒక ప్రశ్న వేశాడు. అణువులు అంత వేగంగా పరుగెత్తేటట్లయితే, గదిలో ఒక మూల విడిచిన వాయువు వాసన రెండవ మూలకు చేరడానికి అంత ఆలస్యమెందుకు? పొగ పొరలుపొరలుగా గాలిలో నిలిచి ఉండడమెందుకు? ఇది చాలా మంచి ప్రశ్న. వంటింట్లో ఇంగువ పోపు పెడితే వీధి గదికి ఘుమఘుమలు చేరడానికి కొంత సమయం పడుతుంది కదా. శత్రువు వేసిన ప్రశ్న మిత్రుని ప్రశంస కన్నా సిద్ధాంతానికి ఎక్కువ మేలు చేస్తుందనడానికి ఇదే నిదర్శనం. క్లాసియస్ 1858లోనే సమాధానమిచ్చాడు. అణువు పరుగు తిన్నని పరుగు కాదు. కొద్ది దూరం వెళ్ళేసరికే మరొకదానితో ఢీకొని దిశ మార్చుకుంటుంది. సంతలో జనం మధ్య పరుగెత్తబోయినవాని గతి దానిది. రెండు తాకిడుల నడుమ సాగే సగటు దూరమే మధ్యమ స్వేచ్ఛాపథం. సాధారణ గాలిలో అది మిల్లీమీటరులో పదివేలవ వంతుకన్నా తక్కువ. ఒక్కొక్క అణువూ సెకనుకు కొన్ని వందల కోట్లసార్లు ఢీకొంటుంది.

ఆ భావనను అందుకొని మాక్స్‌వెల్ 1860లో అణువేగాల పంపిణీ నియమాన్ని స్థాపించాడు. వాయువు పలచబడినా దాని స్నిగ్ధత తగ్గదనే వింత ఫలితం ఆయన లెక్కలో తేలింది. ఆయనకే నమ్మశక్యం కాక, భార్య కేథరిన్ సహాయంతో లండన్‌లోని తమ ఇంటి అటక గదిలో స్వయంగా ప్రయోగం చేసి చూచాడు. లెక్కే నిజమైంది.

వాయువుల సంగతి ఇలా ఒక కొలిక్కి వచ్చినా ద్రవాలు మొండికేశాయి. 1869లో బెల్ఫాస్ట్ ఆచార్యుడు థామస్ ఆండ్రూస్, బొగ్గుపులుసు వాయువును సుమారు 31 డిగ్రీలకు పైన ఎంత ఒత్తినా ద్రవం కాదనీ, ఆ ఉష్ణోగ్రత వద్ద ద్రవానికీ వాయువుకూ మధ్య గీతే చెరిగిపోతుందనీ చూపాడు. దీనిని వివరించినవాడు కూడా బడిపంతులే. హాలెండులో ఒక వడ్రంగి కుమారుడైన వాన్‌డర్‌వాల్స్ ప్రాథమిక పాఠశాలలో మొదలుపెట్టి ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడై, ఆ ఉద్యోగంలో ఉండగానే 1873లో లైడెన్ విశ్వవిద్యాలయానికి పరిశోధన గ్రంథం సమర్పించాడు. అణువులకు తమదైన పరిమాణం ఉంది, వాటి మధ్య ఆకర్షణ ఉంది అన్న రెండు సవరణలతో వాయువుల సమీకరణాన్నే ద్రవాలకు కూడా చాలించాడు. 1910లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.

ఇన్ని జరిగినా అణువులు నిజంగా ఉన్నవా, లేక లెక్క కోసం కల్పించుకున్నవా అన్న వివాదం తీరలేదు. మాఖ్, ఆస్ట్‌వాల్డ్ వంటి ఉద్దండులు నమ్మలేదు. అణువాదానికి జీవితాన్ని ధారపోసిన బోల్ట్‌జ్‌మన్ 1906లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన చాలాకాలంగా మానసిక వ్యాధితో బాధపడుతున్నాడు. ప్రతిపక్షుల విమర్శే ఆయనను చంపిందని కొందరు రాస్తారు గాని అది తొందరపాటు. అప్పటికి ఒక సంవత్సరం ముందే, 1905లో, బెర్న్ నగరంలో పేటెంటు కార్యాలయ ఉద్యోగి ఐన్‌స్టీన్ అణువులను పరోక్షంగా చూచే దారి చూపాడు. 1827లో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోని సూక్ష్మరేణువులు నీటిలో ఎడతెగక చిందులాడడం సూక్ష్మదర్శినిలో గమనించాడు. జీవశక్తి కారణమేమోనని గాజుపొడి, రాతిపొడి, కడకు ఈజిప్టు స్ఫింక్స్ రాతి ముక్కను కూడా నూరి చూచాడు. అన్నీ ఆడాయి. నీటి అణువుల తాకిడే ఈ ఆటకు మూలమని గ్రహించి, మిల్లీమీటరులో వెయ్యవ వంతు వ్యాసం గల రేణువు ఒక నిమిషంలో సుమారు ఆరు రెట్లు దూరం జరగాలని ఐన్‌స్టీన్ లెక్క కట్టాడు. 1908లో పారిస్‌లో జాఁ పెరాఁ గాంబోజ్ అనే పసుపుపచ్చని చెట్టుబంక రేణువులతో ఓపికగా కొలిచి ఆ లెక్కను నిరూపించాడు. 1909 నాటికి ఆస్ట్‌వాల్డ్ తన ఓటమిని అచ్చులోనే అంగీకరించాడు. చివరగా ఘనపదార్థం వంతు. 1912లో లావె, వెంటనే బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో స్ఫటికాలలో కణాల వరుసలను బయటపెట్టారు. మన ఉప్పుకల్లులో సోడియం, క్లోరిన్ అయానులు చదరంగపు గళ్ళలాగా మూడు దిక్కులా అమరి ఉన్నాయని తేలింది.

వాటర్‌స్టన్ వ్యాసం ఏమైందో చెప్పవలసి ఉంది. అప్పటికి రాయల్ సొసైటీ కార్యదర్శిగా ఉన్న లార్డ్ రేలీ, ధ్వనిని గురించి వాటర్‌స్టన్ రాసిన 1858 నాటి వ్యాసమొకటి చదువుతూ, అందులో పాత రచన ప్రస్తావన చూచి, 1891లో సొసైటీ బీరువాలు వెదికించాడు. బొంబాయి నుండి వచ్చిన ఆ కాగితాలు భద్రంగానే ఉన్నాయి. 1892లో తన ముందుమాటతో వాటిని సొసైటీ పత్రికలోనే ప్రచురించాడు. ఆనాడు దీనిని అచ్చువేయకపోవడం దురదృష్టమనీ, ఈ శాస్త్రశాఖ అందువలన బహుశా పది పదిహేనేళ్ళు వెనుకబడిందనీ ఆయన రాశాడు. అప్పటికి వాటర్‌స్టన్ పోయి తొమ్మిదేళ్ళు.

ఆ రేలీయే సముద్రపు నీలిమకు ఆకాశపు ప్రతిబింబమే కారణమని నమ్మినవాడు. 1921లో ఇంగ్లండు నుండి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రాన్ని చూచిన ఒక భారతీయుడికి ఆ మాట రుచించలేదు. బాల్యంలో విశాఖపట్నం సముద్రతీరాన పెరిగి, తండ్రి అధ్యాపకుడుగా ఉన్న ఎ.వి.ఎన్. కళాశాలలో చదివిన సి.వి. రామన్ ఆయన. చేతిలోని నికల్ పట్టకంతో అలలపై పడే ఆకాశపు ప్రతిబింబాన్ని తొలగించి చూస్తే నీలిమ తగ్గలేదు సరికదా, మరింత ప్రకాశించింది. నీటి అణువుల నిరంతర చలనం వలన ద్రవసాంద్రత చోటుచోటుకూ క్షణక్షణమూ అతిసూక్ష్మంగా మారుతూ ఉంటుందనీ, వెలుగు వాటిపై పడి చెదరడమే ఆ నీలిమకు మూలమనీ ఆయన నిశ్చయించుకున్నాడు. ఓడ చేరగానే సెప్టెంబరు 26 తేదీతో నేచర్ పత్రికకు లేఖ రాశాడు. ఆ లేఖపై ఉన్న చిరునామా బొంబాయి రేవు. మరుసటి సంవత్సరం కలకత్తాలో వెలువడిన ఆయన చిన్న పుస్తకంలో వాయువులు, ద్రవాలు, స్ఫటికాలు మూడింటిలోనూ అణువులు వెలుగును చెదరగొట్టే తీరు చర్చించాడు.